చిరిగిన ఎరల సీసా: సాఫ్ట్ ప్లాస్టిక్‌కి ఆయుష్షు పెంచే ప్రాజెక్టు డైరీ

1వ రోజు

నా దగ్గర వెడల్పు మూతి ఉన్న పెద్ద సీసా ఒకటుంది. చేపలు పట్టడానికి గాలానికి గుచ్చే మెత్తటి బొమ్మ వానపాములు, బొమ్మ చేపలు, అంటే సాఫ్ట్ ప్లాస్టిక్ ఎరలు, చిరిగిపోతే నీళ్లలో పారేయడానికి నాకు మొదట్నుంచీ మనసొప్పదు. ఒడ్డు నుంచి ఇంటికి రాగానే జేబులోంచి తీసి ఆ సీసాలో పడేస్తుంటాను. ఇవాళ మూత పెట్టబోతే పట్టలేదు. నొక్కితే పైకి ఉబికి వస్తున్నాయి. ఇన్ని పోగయ్యాయంటే తప్పు ఎక్కడో నా చేతుల్లోనే ఉండాలనిపించింది.

నేల మీద కాగితం పరిచి సీసా మొత్తం బోర్లించాను. తమ్ముడొచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఇన్నిటినీ చేపలే కొరికాయా అన్నా?"

"అదే చూద్దాం. ఒక్కోటీ తీసి ఎక్కడ చిరిగిందో చెప్పు. నేను కుప్పలు పెడతాను."

గంటసేపు ఇదే పని. తోక తెగినవి ఒక కుప్ప. ఇవి చేప పళ్ల పనే, సందేహం లేదు, కానీ అది చిన్న కుప్ప. నడుం దగ్గర రెండుగా తెగిన వానపాము ఎరలు ఇంకో కుప్ప. ఒకదానికొకటి కరిగి అతుక్కుపోయినవి, రంగు పాడైనవి, తోక మడతపడి బిగుసుకుపోయినవి మూడోది. మిగిలినవన్నీ, అంటే సగానికి పైగా, ముక్కు దగ్గర చీలినవే. వాటి నడుం, తోక, రంగు కొత్తవాటిలాగే ఉన్నాయి. గాలం దిగే చోట మాత్రం చొక్కా కాజా చినిగినట్టు పొడుగ్గా చీలి ఉంది.

ఒకదాన్ని భూతద్దం కింద పెట్టి చూశాను. చీలిక అంచు నున్నగా లేదు, మెట్లు మెట్లుగా ఉంది. ఒక్క దెబ్బకి చీలినదైతే అలా ఉండదు. విసిరిన ప్రతిసారీ పిసరంత పెరుగుతూ వచ్చిందన్నమాట. పక్కనే మరో మూడు చిల్లులు కనిపించాయి. గాలం వంకరగా దిగిందని బయటికి లాగి, మళ్లీ గుచ్చి, అదీ నచ్చక మళ్లీ గుచ్చినవి. చీలిక ఆ చిల్లుల్లో ఒకదాన్ని కలుపుకునే ముందుకు పాకింది.

కాబట్టి ప్రాజెక్టు ఇది: ఏ కుప్పకి ఆ కుప్పగా కారణం పట్టుకోవడం, దానికి తగ్గ పని చేయడం. సీసాలో ఉన్నవి తేలేదాకా కొత్త ప్యాకెట్ విప్పకూడదని తమ్ముడి ముందే అనుకున్నాను.

2వ రోజు

మందు వేసే ముందు ఒళ్లెలాంటిదో తెలియాలి. "రబ్బరు ఎర" అని అలవాటుగా అంటాం గానీ వీటిలో ఎక్కువ భాగం రబ్బరు కాదు. పీవీసీ పొడిని ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి ద్రవంలో కలిపితే పాలలా తెల్లగా ఉండే ప్లాస్టిసాల్ వస్తుంది. దాన్ని సుమారు 170 నుంచి 180 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తే పొడి రేణువులు ఆ ద్రవాన్ని పీల్చుకుని, ఉబ్బి, ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. చల్లారాక మిగిలేదే మన మెత్తటి ఎర. అందులో పీవీసీ కంటే ప్లాస్టిసైజరే ఎక్కువ. ఎర ఎంత మెత్తగా ఉంటే అది అంత ఎక్కువ ఉన్నట్టు.

చేతికి జిడ్డుగా తగిలేది ఆ ద్రవమే. ఇది గుర్తుంటే మిగతా కష్టాలు చాలావరకు వాటంతటవే అర్థమవుతాయి. జిగురు ఎందుకు ఊడుతుంది? ఆ జిడ్డు మీద పట్టు దొరక్క. పెట్టె ఎందుకు కరుగుతుంది? ఆ ద్రవం ఎరలోంచి బయటికి పాకి పెట్టె ప్లాస్టిక్‌లోకి చేరుతుంది కాబట్టి. తెల్ల ఎర పక్కన నల్లదో ఎర్రదో పెడితే తెల్లదానికి మరకలెందుకు పడతాయి? రంగు కూడా ఆ ద్రవంతో పాటే నడుస్తుంది కాబట్టి.

బరువు కోసం కొన్నిటిలో ఉప్పు కలుపుతారు. ఆ ఎర విసిరితే దూరం పోతుంది, చక్కగా మునుగుతుంది. కానీ ఉప్పు రేణువు కూర్చున్న ప్రతిచోటా ఆ మేర ప్లాస్టిక్ లేనట్టే. నడుం తెగిన కుప్పలో చాలావరకు ఉప్పువే ఉండటం అందుకే.

రెండో జాతి టీపీఈ. ఇది థర్మోప్లాస్టిక్ ఎలాస్టోమర్, నిజంగానే రబ్బరులా సాగేది. రెండు చేతులతో లాగితే బారెడు సాగి, వదిలితే యథాస్థానానికి వస్తుంది. నీళ్లలో తేలుతుంది. చిరగడం చాలా తక్కువ. దాని గొడవలు దానికున్నాయి, వాటి సంగతి తర్వాత రాస్తాను.

ఒక విషయం చదివి చాలాసేపు దాని గురించే ఆలోచించాను. పీవీసీని మెత్తబరచడం కనిపెట్టింది వాల్డో సెమన్, 1926లో, అమెరికాలోని ఏక్రన్ నగరంలో, బీఎఫ్ గుడ్‌రిచ్ కంపెనీలో పనిచేస్తూ. ఆయన అప్పుడు వెతుకుతున్నది రబ్బరుని లోహానికి అతికించే పదార్థం కోసం. దొరికింది వంగే, సాగే ప్లాస్టిక్. 1949లో అదే ఏక్రన్‌లో నిక్ క్రీమ్, ఆయన భార్య కాస్మా మెత్తటి ప్లాస్టిక్ వానపాము ఎరని తయారుచేశారు. ఆ మెత్తటి పదార్థాన్ని లోహపు గాలానికి అతికించి ఉంచడం ఎలాగా అని ఇప్పుడు నేను కూర్చున్నాను.

4వ రోజు

కరిగిన కుప్ప ముందు తేల్చేద్దామనుకున్నాను, చేయాల్సిందల్లా సర్దుకోవడమే కాబట్టి.

అరల పెట్టె తెరిస్తే ఒక అరలో పీవీసీ ఎర, టీపీఈ ఎర పక్కపక్కనే ఉన్నాయి. పక్కపక్కన అనడం కూడా తప్పే, రెండూ కలిసి బంకముద్ద అయ్యాయి. వేలితో లేపితే తీగలు సాగాయి. ఈ రెండు జాతులూ ఒకదాన్నొకటి తాకకూడదు. ఒకదానిలోని నూనె ఇంకోదాన్ని కరిగించేస్తుంది. పెట్టె అడుగున కూడా ఎర ఆకారం అచ్చు గుద్దినట్టు దిగింది.

పెట్టె తిరగేసి చూశాను. అడుగున త్రికోణంలో 6 అని ఉంది. అంటే పాలీస్టైరీన్, ప్లాస్టిసైజర్ తగిలితే మెత్తబడిపోయే రకం. 5 ఉంటే పాలీప్రొపిలీన్, 2 లేదా 4 ఉంటే పాలిథిన్. ఈ మూడిటితో ఇబ్బంది లేదు. ఇంట్లో ఉన్న పెట్టెలన్నీ తిరగేసి ఆ అంకెని బట్టి రెండుగా విడదీశాను. గట్టి ఎరల పెట్టెలో కూడా సాఫ్ట్ ప్లాస్టిక్ వేయకూడదు, వాటి మీద పూసిన రంగు లేచిపోతుంది.

ఇక నుంచి టీపీఈ దేని ప్యాకెట్లో అదే. పీవీసీ ఎరలు జిప్ సంచుల్లో, ముదురు రంగులు ఒక దాంట్లో, లేత రంగులు ఇంకో దాంట్లో. తోక మడతపడకుండా పరిచి పెట్టాలి. వాడిన ఎరని తడిగా ఉండగా లోపల వేయకూడదు. నీళ్లు పీల్చుకున్న ఎర పాలిపోయినట్టు అవుతుంది. గాలికి ఆరనిస్తే రంగు తిరిగి వస్తుంది. ఎండలో నిలబెట్టిన బండిలో సంచి వదిలేసి పోవడం ఇక బంద్.

7వ రోజు

ఇవాళ అసలు పని, ముక్కు.

మొదటి మార్పు గుచ్చే పద్ధతిలోనే. జిగ్ హెడ్‌ని, అంటే సీసం తల పోసిన గాలాన్ని, ఎర పక్కన ఆనించి, సీసం తల ఎర ముక్కుకి సరిగ్గా కూర్చున్నప్పుడు గాలం వంపు ఎక్కడికి వస్తుందో చూశాను. అక్కడ వీపు మీద గోటితో చిన్న గీత. ఆ తర్వాత మొనని ముక్కు నడిమధ్యన పెట్టి, గాలాన్ని కదలనివ్వకుండా ఎరనే దాని మీదకి కొద్దికొద్దిగా ఎక్కించాను, గుడ్డలో నాడా దూర్చినట్టు. గీత దగ్గరికి రాగానే మొన బయటికి తీశాను. ఒక్కటే చిల్లు. ఇన్నేళ్లూ కొలవకుండా అందాజుగా గుచ్చుతూ వచ్చాను, ఆ మూడు అదనపు చిల్లులూ దాని ఫలితమే. టీపీఈ ఎర అయితే గాలాన్ని తడిపి ఎక్కించాలి, లేకపోతే పట్టేసి అంగుళం కూడా కదలదు.

రెండోది జిగురు. ఒకే రకం పీవీసీ చేప ఎరలు 9 తీసుకున్నాను, ముక్కు చీలనివి. మూడిటికి ఏమీ పూయలేదు. మూడిటికి నీళ్లలాంటి సూపర్ గ్లూ, మూడిటికి చిక్కటి జెల్ సూపర్ గ్లూ. పూసే ముందు ముక్కుని స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టాను. జిడ్డు తీయకుండా పూస్తే ఎంత జిగురు పెట్టినా వృథా. జిగ్ హెడ్ మెడ మీద, ఎరని పట్టి ఉంచే చిన్న ముల్లు దగ్గర, ఆవగింజంత చుక్క. ఎరని ఆఖరి అర సెంటీమీటరు పైకి తోసి, సీసం తలకి ఆనించి, ఇరవై లెక్కపెట్టేదాకా పట్టుకున్నాను.

చుక్క పెద్దదైతే మంచిదనుకోవద్దు. సూపర్ గ్లూ గాలిలోని తేమతో గట్టిపడుతుంది. పలచటి పొర వెంటనే గట్టిపడి బలంగా ఉంటుంది. మందంగా పూస్తే లోపల తడిగానే ఉండిపోతుంది, పైన తెల్లగా పొడిబారుతుంది. ఇంకొక హెచ్చరిక: దీన్ని దూదితోనో నూలు గుడ్డతోనో తుడవకండి. నూలుతో కలిస్తే ఒక్కసారిగా వేడెక్కుతుంది, చర్మం కాలుతుంది. నేను పాలిథిన్ ముక్కతో అద్దుతున్నాను.

జిగురు నచ్చని వాళ్లకి, మాటిమాటికీ ఎర మార్చేవాళ్లకి స్ప్రింగు గాలాలు బాగుంటాయి. గాలం కంటికి, అంటే లైన్ అనే దారం కట్టే రంధ్రానికి, వేలాడే చిన్న చుట్టని ఎర ముక్కులోకి స్క్రూ తిప్పినట్టు తిప్పితే చాలు. లాగుడు ఒక్క చిల్లు మీద పడకుండా ఆ చుట్టంతా పంచుకుంటుంది.

గాలం మొనని ఎర ఒంట్లోనే దాచి గుచ్చే టెక్సాస్ రిగ్‌కి ఇంకో ఉపాయం చేశాను, ఇది నాకు అన్నిటికంటే నచ్చింది. మామూలుగా గాలం కన్ను ఎర ముక్కులో దాగి ఉంటుంది, విసిరినప్పుడు ఎర కిందికి జారుతుంది. ఒక మిల్లీమీటరుకి కాస్త తక్కువ మందం ఉన్న నైలాన్ లైన్ ముక్క తీసుకుని, కొసని కత్తెరతో ఏటవాలుగా కత్తిరించి, ఎర ముక్కుకి అడ్డంగా గుచ్చాను, లోపలున్న గాలం కంట్లోంచి దూరి అవతలికి వచ్చేలా. కన్ను ఎక్కడుందో చేతికే తెలుస్తుంది. తప్పిపోతే మెత్తగా పోతుంది, కంట్లో పడితే ఇనుము అంచు రాసుకున్నట్టు చిన్న గరగర. రెండువైపులా అర మిల్లీమీటరు వదిలి కత్తిరించేశాను. మేకు కొట్టిన తలుపులా ఎర కదలకుండా నిలబడింది.

9వ రోజు

తెల్లవారుజామున నీళ్ల దగ్గరికి వెళ్లాం. ఏమీ పూయని మూడూ పాతిక విసుర్ల లోపే కిందికి జారాయి. జారిన ప్రతిసారీ పైకి తోశాను, తోసిన ప్రతిసారీ చిల్లు ఇంకాస్త వదులైంది. నీళ్ల గ్లూ పూసినవి గంటసేపు బాగానే ఉన్నాయి, తర్వాత అతుకు గాజుపెంకులా టక్కున విరిగింది. ఎర వంగుతుంది, ఆ జిగురు వంగదు. జెల్ పూసిన మూడిట్లో రెండు చీకటి పడేదాకా నిలిచాయి. ఒకదాని మీద రెండు చేపలు కూడా పడ్డాయి. మూడోదాని తోక పోయింది, ముక్కు మాత్రం చెక్కుచెదరలేదు.

మధ్యాహ్నం తమ్ముడు ఒక మాటన్నాడు. "నువ్వు నాచు దులపడానికి ఎరని నీళ్ల మీద చరుస్తావు చూడు అన్నా, ముక్కు అక్కడే పోతోంది." నాకు ఆ అలవాటున్నట్టే తెలియదు. గాలానికి నాచు తగులుకోగానే రాడ్ ఎత్తి టపటపా రెండు దెబ్బలు వేస్తాను. విసిరేటప్పుడు కంటే ఆ దెబ్బలోనే ఎర ఎక్కువ కిందికి గుంజుకుపోతోంది. అప్పట్నుంచి ఒడ్డుకి లాగి చేత్తో తీస్తున్నాను. ఒక్కోసారి అర నిమిషం పోతుంది, పోనివ్వండి.

చేప పడినప్పుడు కూడా చూడాలి. గాలం తీసే ముందు ఎరని లైన్ మీదకి పైకి జరిపితే పళ్ల నుంచి తప్పుతుంది. గాలాన్నీ ఎరనీ కలిపి శ్రావణంతో పట్టి మెలితిప్పడమే నేను ఇన్నాళ్లూ చేసింది.

12వ రోజు

టీపీఈ ఎరకి జిగురు పూసి భంగపడ్డాను. జెల్ సూపర్ గ్లూ, స్పిరిట్‌తో రెండుసార్లు తుడవడం, అన్నీ చేశాను. ఇరవై లెక్కపెట్టి వదిలి, వేలితో లాగితే జిగురు పొర మొత్తం కాగితంలా లేచి వచ్చేసింది. ఆ పదార్థానికి సూపర్ గ్లూ పట్టదు. దాన్ని గట్టి ముల్లున్న జిగ్ హెడ్ మీద ఎక్కించడమే మార్గం. ఒకసారి ఎక్కితే అది జారదు కూడా.

చిరిగినవాటిని అతికే పని ఇవాళ మొదలుపెట్టాను. ముక్కు చీలిన పీవీసీ ఎరలు పాతిక దాకా ముందు పెట్టుకుని కూర్చున్నాను.

మొదట లైటర్ మంట నేరుగా చూపించాను. మసి పట్టి నల్లబడింది, ఘాటు వాసన వచ్చింది. పీవీసీ మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, ముక్కుకీ ఊపిరితిత్తులకీ మంచిది కాదు. ఆ పద్ధతి వదిలేశాను.

తర్వాత పలచటి పాత కత్తి బ్లేడు తీసుకున్నాను. ఇంకెందుకూ వాడనిది. బయట గాలిలో కూర్చుని బ్లేడుని వేడి చేసి, చీలికలోకి దూర్చి, రెండు పెదవులనీ వేలితో బ్లేడుకి ఆనించాను. రెండు క్షణాల్లో రెండు వైపులా తడి మెరుపు వస్తుంది. ఆ మెరుపు కనబడగానే బ్లేడుని అంచు వెంబడి జారుస్తూ బయటికి లాగి, పెదవులు రెండూ కలిపి నొక్కాలి. పది లెక్కపెట్టి చల్లటి నీళ్లలో ముంచాలి. తుడిచి వెలుతురులో పెట్టి చూస్తే అతుకు వెంట్రుకవాసి గీతలా కనబడుతుంది. లాగితే అతుకు పక్కన సాగుతుంది గానీ అతుకు ఊడదు. ఒకటే పదార్థం తనలో తాను కలిసిపోయింది కాబట్టి అక్కడ గట్టి ముడి లేదు. జిగురుతో అతికిన చోట వేలికి గట్టిగా తగులుతుంది, దీనికి అలా తగలదు. అందుకే ఎక్కువ వంగే చోట్ల, అంటే నడుం, తోక మొదలు, నేను ఇక జిగురు వాడను. జిగురు ముక్కుకి, వేడి మిగతా ఒంటికి.

బ్లేడు సెగ ఎంత ఉండాలన్నది చేతికి రావడానికి నాలుగు ఎరలు పోయాయి. తాకగానే పొగ వస్తే ఎక్కువైనట్టు. తాకి నిలబడితే మెల్లగా మెరుపు రావాలి. ఎర లోపలికి నీళ్లు చేరి ఉంటే బుడగలు లేచి అతుకు బెండులా అవుతుంది. అతికే ముందు రెండు రోజులు ఆరబెట్టండి.

టీపీఈ కూడా ఇలా వేడికి అతుక్కుంటుంది. దానికి మాత్రం వేరే బ్లేడు పెట్టాను.

మరీ నలిగిపోయిన ముక్కుల్ని అతకడం దండగ. పదునైన బ్లేడుతో ఒక సెంటీమీటరు అడ్డంగా కోసేశాను. 12 సెంటీమీటర్ల వానపాము 11 అయింది, కొత్త ముక్కు వచ్చింది. చేపకి ఆ సెంటీమీటరు లెక్క కాదు.

16వ రోజు

నడుం తెగిన కుప్ప. ఇవి వాకీ రిగ్‌కి వాడినవి. ఎర నడుంలోంచి గాలం అడ్డంగా గుచ్చితే రెండు కొసలూ నీళ్లలో అల్లాడుతూ దిగుతాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, చేపకి కూడా. కానీ ఉప్పు నిండిన ఎర ఆ చిల్లు మీద ఎంతసేపు నిలుస్తుంది? ఒక్కోసారి ఒక్క చేపకే రెండు ముక్కలు.

దీనికి ఓ-రింగు అనే చిన్న రబ్బరు వలయమే మందు. ఎర మందం కంటే కాస్త చిన్న రింగు తీసుకుని, ఎర వెడల్పుకి సరిపోయే గొట్టం మీదకి ఎక్కించి, ఎరని గొట్టంలోకి దూర్చి, నడుం దగ్గర రింగుని జార్చాలి. నేను పాత పెన్ను గొట్టం వాడాను. గాలం రింగు కిందుగా పోతుంది, ఎరని గుచ్చదు. రెండు రింగులు గుణకారం గుర్తులా వేసి ఆ కూడలి కింద గాలం దూరిస్తే గాలం ఎర వెంబడి పొడుగ్గా కూర్చుంటుంది.

వైర్లకి తొడిగే, వేడికి కుదించుకుపోయే హీట్ ష్రింక్ గొట్టం ముక్కలతో కూడా చేసి చూశాను. ఎర మీద తొడిగి సెగ చూపిస్తే ముందు ఎరే కరుగుతుంది. ఎర అంత మందం ఉన్న ఇనుప కడ్డీ మీద తొడిగి, ముందే కుదించి, చల్లారాక తీసి ఎరకి ఎక్కించాలి. ఇది రింగు కంటే వెడల్పు కనుక లాగుడు తక్కువ చోట పడదు. చాలా మెత్తటి ఎరలకి ఇదే మేలు.

సాయంత్రం ఒక్క రింగు ఎర మీద వరసగా ఐదు చేపలు. మామూలుగా అయితే ఐదు ఎరలు సీసాలోకి వెళ్లేవి.

18వ రోజు

మడతపడిన తోకలు. నీళ్లు బాగా మరిగించి దించి, పటకారుతో ఎరని పట్టి తోక వైపు అర నిమిషం ముంచాను. మెత్తబడి దానంతటదే నిటారుగా వేలాడింది. బల్ల మీద తిన్నగా పరిచి చల్లటి నీళ్లు పోశాను. 14 ఎరల్లో 13 మళ్లీ ఈదుతున్నాయి.

24వ రోజు

అతకడానికి వీల్లేనివి మిగిలాయి. వీటిని కరిగించి మళ్లీ పోయాలి.

అచ్చు ముందు. చిన్న డబ్బా అడుగున ఒక మంచి వానపాము ఎరని చదునైన వైపు కిందికి అతికించి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోశాను. గట్టిపడ్డాక తిప్పి ఎరని ఊడదీస్తే పైన తెరిచి ఉన్న అచ్చు వచ్చింది. వారం రోజులు ఆరబెట్టాలి. ప్లాస్టర్‌లో తేమ మిగిలితే వేడి ప్లాస్టిక్ తగలగానే ఆవిరై ఎర నిండా బుడగలు వస్తాయి. ఆరాక తెల్ల జిగురుని నీళ్లతో పలచన చేసి మూడు పూతలు, ఒక్కో పూతకీ మధ్య పూర్తిగా ఆరనిస్తూ.

33వ రోజు

ముందు జాతులు విడదీశాను. అనుమానం ఉన్నదాన్ని రెండు వేళ్లతో లాగి చూడటమే. అతిగా సాగితే టీపీఈ, పక్కకి. ఒక్క టీపీఈ ముక్క పడినా కుండ మొత్తం పాడవుతుంది. పీవీసీలో రంగుల్ని బట్టి మూడు వాటాలు. గాలం ముక్కలు, సీసం, రింగులు ఏరేశాను. చిన్న ముక్కలుగా కోసి మూడు రోజులుగా ఆరబెట్టినవే ఇవి.

బయట, గాలి ఆడే చోట. నిండు చేతుల చొక్కా, తోలు గ్లవ్స్, కళ్లద్దాలు, ఆవిరి ఆపే రెస్పిరేటర్. వేడిని తట్టుకునే గాజు కప్పు, తిండికి ఇక ఎప్పుడూ వాడని మైక్రోవేవ్. దగ్గరలో నీటి చుక్క కూడా ఉండకూడదు. 170 డిగ్రీల ప్లాస్టిక్‌లో నీళ్లు పడితే చిమ్ముతుంది, అది చర్మానికి అంటుకుని కాలుస్తూనే ఉంటుంది. తమ్ముణ్ని నాలుగడుగులు దూరంగా నిలబెట్టాను.

అర నిమిషం వేడి, బయటికి తీసి కలపడం, మళ్లీ అర నిమిషం. ముందు ముక్కల అంచులు గుండ్రబడ్డాయి, తర్వాత గడ్డకట్టిన ముద్ద అయింది, చివరికి తేనెలా జారింది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పైపొర వేడిని మాత్రమే చెబుతుంది, అందుకే కలిపాకే చూడాలి. 174 చూపించింది. 200 దాటనిస్తే పసుపుబారి, గోధుమరంగుకి తిరిగి, ఘాటు పొగలు మొదలవుతాయి. అక్కడిదాకా పోనివ్వకూడదు.

మొదటి పోతలో ఉప్పు ఎరలు కూడా వేశాను. ఉప్పు అడుగుకి దిగింది. ఎర ఒక వైపు గరుగ్గా, ఒక వైపు నున్నగా వచ్చింది, లాగితే గరుకు వైపు చిట్లింది. రెండో పోతకి ఉప్పు లేనివే తీసుకుని, ప్లాస్టిక్‌ని గట్టిపరిచే హార్డెనర్ కొద్దిగా కలిపాను. ఎర బ్రహ్మాండంగా గట్టిగా వచ్చింది. నీళ్లలో వేస్తే కర్రలా దిగింది. కొసలు ఊగవు. ఎక్కువ కాలం నిలవాలన్న ఆత్రంలో పడి ఎర పనే మర్చిపోయాను. మూడో పోతలో అందులో పావు వంతు హార్డెనర్. ఒక కొస పట్టుకుని ఊపితే రెండో కొస కాస్త ఆలస్యంగా వెనక వచ్చింది. అలా రావాలి.

36వ రోజు

మూడో పోత ఎరల రంగు అంత గొప్పగా లేదు. ముదురు ఆకుపచ్చ, నలుపు కలిసిన మట్టి రంగు, మధ్యలో పాత ఎరల మెరుపు పొడి అక్కడక్కడా. ఒక వైపు చదునుగా ఉండటంతో దిగేటప్పుడు కొద్దిగా పక్కకి జారుతుంది. ఆ జారుడు నాకు నచ్చింది.

ఓ-రింగు వేసి పొద్దున్నుంచి ఒక్కటే వాడాను. నాలుగు చేపలు, పడి వదిలేసినవి రెండు. మూడో చేపకి కొస దగ్గర పంటి గాటు పడింది. ఒడ్డున కూర్చుని బ్లేడు వేడి చేసి రెండు నిమిషాల్లో అతికాను. తమ్ముడు తన దానికి తానే అతుకు వేసుకున్నాడు, నా దానికంటే సన్నగా వచ్చింది.

ఇంటికొచ్చి జేబులు చూసుకుంటే సీసాలో వేయడానికి మూడు ముక్కలే ఉన్నాయి. రెండు పీవీసీ తోకలు, ఒకటి టీపీఈ. దానికి ఇంకో సీసా వెతకాలి.